ఓడ ఓడిందా?

మా కర్నూలువాళ్ళకూ సముద్రానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. తుంగభద్రలో హంద్రి కలిసేచోట పుట్టి పెరిగినవాణ్ణి నేను. మబ్బుకోసం ఆకాశంవంక చూడటం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. అలలవంక చూడటం మాత్రం పెద్దయిన తరువాత టిక్కెట్టు కొనుక్కొని వెళ్ళి నేర్చుకోవలసిందే. ఓడల మాట వస్తే, 1860 ప్రాంతాలలో ఒక ఇంగ్లీషు కంపెనీ సుంకేసులనుంచి కడపవైపు తవ్వించిన కె.సి. కాలువలో ఒకప్పుడు పడవలు నడిచేవని చెప్పుకోవటమే మా వూరి నౌకాచరిత్ర. కాలువ పొలాలు తడపటానికి మిగిలింది. పడవలు ఎప్పుడో పోయాయి.

అటువంటి నేను రెండువందల యేళ్ళకిందటి ఇంగ్లీషు యుద్ధనౌకను గురించి వ్యాసం రాయవలసి వచ్చిందంటే, దానికి కారణం నా తొందరపాటే. ఆ సంగతి ముందు మనవి చేసుకొంటాను.

బీచిలో చెప్పిన కథ

కొంతకాలం క్రితం మా కాలేజీ పిల్లలను వెంటబెట్టుకొని విశాఖపట్నం వెళ్ళాము. మన నౌకాదళంలో పనిచేసి, ఇప్పుడు సముద్రపు వొడ్డున విశ్రాంతి తీసుకొంటున్న 'కురుసుర' జలాంతర్గామిని చూశాము. దాన్ని 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. పిల్లలు తలలు వంచుకొని లోపలికి వెళ్ళి, తలలు వంచుకొనే బయటికి వచ్చి, "ఈడ యుద్ధం జరిగిందా సార్?" అని అడిగారు.

1971లో పాకిస్తాను జలాంతర్గామి 'గాజీ' ఈ తీరాన మునిగిన సంగతి చెప్పాను. అది ఎలా మునిగిందనే విషయంలో ఈనాటికీ రెండు దేశాలు రెండు కథలు చెపుతాయి. "అంతకు ముందో?" అన్నారు పిల్లలు.

ఎదురుగా సముద్రం, చుట్టూ నోళ్ళు తెరుచుకొని వినే పిల్లలు, వెనకనుంచి వేడివేడి మిరపకాయ బజ్జీల వాసన. పంతులుకు వాగ్ధాటి పుట్టుకురావటానికి ఇంతకన్న ఏం కావాలి? ఎప్పుడో చదివిన రెండు పేరాల జ్ఞాపకంతో చెయ్యి సముద్రంవైపు చాచి, "1804వ సంవత్సరం సెప్టెంబరు 15న సరిగ్గా ఇక్కడే, 'సెంచూరియన్' అనే ఒక్క ఇంగ్లీషు ఓడ మూడు ఫ్రెంచి ఓడలను తరిమి తరిమి కొట్టింది!" అన్నాను. "తరిమి తరిమి" అన్నమాట నేను చదివిన పేరాలలో లేదు. అది నా స్వంత కవిత్వం.

పిల్లల్లో ఒక అమ్మాయి ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకొన్నది. నందికొట్కూరు వైపు పల్లె. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. పంతులు చెప్పినది రాసుకోవటం, రాసుకొన్నది నమ్మటం ఆమె అలవాటు.

మూడునెలల తరువాత వేరే వూళ్ళో వక్తృత్వపు పోటీ జరిగితే, ఆ అమ్మాయి మన తీరాన్ని గురించి మాట్లాడింది. నా సెంచూరియన్‌ను వర్ణించింది. తరిమి తరిమి కొట్టించింది కూడ. పరీక్షకులలో ఒకాయన అంతా విని, ఒకే ఒక ప్రశ్న వేశాడట: "అమ్మాయీ, ఆ ఓడ అక్కడికి రెండు సరకు ఓడలకు కాపలాగా వచ్చింది గదా! ఆ రెండూ చివరికి ఏమయినాయి?"

అమ్మాయి దగ్గర జవాబు లేదు. బహుమతి లేకుండా తిరిగివచ్చింది. మర్నాడు నా గదిలోకి వచ్చి నోటుపుస్తకం తెరిచి చూపించింది.

"సార్, ఆ పొద్దు మీరు చెప్పిందే రాసుకుంటిని. ఆ రెండు ఓడలూ పోయినాయంట గదా సార్! పోయినంక గెల్చినట్ల ఎట్లయితాది?"

ఆ గొంతులో నిష్ఠురం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నిష్ఠురమాడి వుంటే నాకు కొంత బాగుండేది.

బ్రౌనుదొర దారి

ఆ తరువాత కొన్ని నెలలు దొరికినచోటల్లా ఆ యుద్ధాన్ని గురించి చదివాను. చదివినకొద్దీ కథ తేటపడకపోగా ఒక్కొక్క పుస్తకంలో ఒక్కొక్క తీరుగా కనిపించసాగింది. అయితే తెలుగు ఎం.ఏ. చదివినవాడికి ఇది కొత్త అవస్థ కాదు. ఓడల సంగతి మాకు తెలియకపోవచ్చు గాని, పాఠాంతరాల సంగతి తెలుసు.

మా పక్క జిల్లా కడపకు 1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఉద్యోగిగా వచ్చాడు. వేమన పద్యాల తాటాకు ప్రతులను వూరూరినుంచి తెప్పించాడు. ఏ రెండు ప్రతులూ ఒకటిగా లేవు. ఆయన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, ప్రతికి ప్రతి పోల్చి చూపించి, 1829లో పద్యాలను అచ్చువేయించాడు. ఆయన నివసించిన చోట ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయమూ భాషా పరిశోధన కేంద్రమూ వున్నాయి. ఆ పద్ధతి నేర్పే నీతి ఒక్కటే. ప్రతులు పోట్లాడుకొంటే ఒకదాన్ని పట్టుకొని తక్కినవాటిని పొయ్యిలో వెయ్యకూడదు. ముందు అన్నీ ఒప్పుకొనే భాగం తీసి పక్కన పెట్టాలి. తరువాత తేడాలు ఎక్కడ పుట్టాయో చూడాలి. నేనూ అదే చేశాను.

అందరూ ఒప్పుకొనే కథ

1803లో ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ మళ్ళీ యుద్ధం మొదలయింది. ఫ్రెంచి నౌకాధిపతి లినువా ఆ యేడే పుదుచ్చేరిదాకా వచ్చాడు. ప్రమాదం పసిగట్టి చీకటిచాటున తప్పించుకొని, ఆనాడు ఫ్రెంచివారిదైన మారిషస్ దీవి చేరుకొన్నాడు. అక్కడినుంచి బయలుదేరి కంపెనీవారి సరకు ఓడలను పట్టుకోవటం అతని పని.

1804 ఫిబ్రవరిలో మలయా తీరానికి దగ్గరగా పులో అవురా అనే దీవివద్ద అతనికి పెద్ద అదృష్టమే ఎదురయింది. చైనానుంచి తేయాకు, పట్టు నింపుకొని వస్తున్న కంపెనీ ఓడల బారు అది. వెంట ఒక్క యుద్ధనౌక లేదు. కాని ఆ బారుకు పెద్ద అయిన డాన్సు అనే ఆయన, ముందున్న కొన్ని ఓడలమీద నౌకాదళపు జెండాలు ఎత్తించి, యుద్ధానికి సిద్ధమన్నట్లు ఎదురునడిచాడు. కాసేపు ఫిరంగులు పేలాయి. లినువా అవి నిజంగా యుద్ధనౌకలేననుకొని వెనుదిరిగాడు. ఈ వార్త విని నెపోలియను మండిపడ్డాడు.

ఆ చెడ్డపేరు మోసుకొనే లినువా ఆ సెప్టెంబరులో మన కోస్తాకు వచ్చాడు. మచిలీపట్నం దగ్గర అతనికి ఒక కబురు తెలిసింది. విశాఖపట్నంలో సరకు ఎత్తుకొంటున్న ఓడలకు 'విల్‌హెల్మినా' అనే చిన్న యుద్ధనౌక కాపలా వుందని. అయితే ఇంగ్లీషు నౌకాధిపతి పీటర్ రెయినియర్ ఆలోగానే దాన్ని మార్చి, అంతకన్న పెద్దదైన సెంచూరియన్‌ను పంపాడు. లినువా ఒక ఓడకోసం వస్తే అక్కడ వేరొక ఓడ వున్నది.

విశాఖలో ఇప్పుడున్న లోపలి రేవు 1933లో ఏర్పడింది. 1804లో ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసుకొని నిలబడవలసిందే. ఆ నాటి ఉదయం అక్కడ మూడు ఓడలున్నాయి: సెంచూరియన్, 'ప్రిన్సెస్ షార్లెట్', 'బార్నబీ'. వాటిమీదికి లినువా మూడు యుద్ధనౌకలతో వచ్చాడు: 74 ఫిరంగుల 'మారెంగో', దానికి తోడు 'అతలాంత్', 'సెమిలాంత్' అనే రెండు ఫ్రిగేట్లు. సెంచూరియన్ 50 ఫిరంగుల ఓడ.

ఫిరంగులు మోగాయి. బార్నబీ లంగరు తాళ్ళు తెంపుకొని వొడ్డుకు కొట్టుకుపోయి, అలల్లో పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ జెండా దించి లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. తాడు కోసుకొని, తీరంవైపు జరుగుతూ ఎదురుకాల్పులు సాగించింది. వొడ్డునున్న ఫిరంగులు కూడ పేలాయి. మధ్యలో కొంత విరామం. మధ్యాహ్నం మళ్ళీ కాల్పులు. తరువాత లినువా ప్రిన్సెస్ షార్లెట్‌ను వెంటబెట్టుకొని వెళ్ళిపోయాడు. తాళ్ళూ తెరచాపలూ ఛిద్రమైన సెంచూరియన్ అతన్ని వెంటాడలేకపోయింది. సెంచూరియన్‌పై ఒకరు చనిపోగా, తొమ్మిదిమంది గాయపడ్డారు.

"తరిమి తరిమి" ఎక్కడుందో వెతుక్కోండి! ఆ రోజున ఎవరన్నా ఎవరినన్నా తరిమితే, అది సముద్రపు గాలి బార్నబీని తరమటమే.

పాఠాంతరాలు

ఇక తేడాలు. మొదటిది తేదీ.

సెప్టెంబరు 15 అని నేను ధీమాగా చెప్పాను. లోకానికి అది 15వ తేదీ శనివారమే. కాని ఆ కాలంలో ఇంగ్లీషు నౌకాదళంవారి దినచర్య పుస్తకంలో రోజు అర్ధరాత్రికి కాక, అంతకు పన్నెండు గంటల ముందు, మధ్యాహ్నానికే మొదలయ్యేది. ఎండను చూసి లెక్కలు కట్టుకొనే ఓడవారికి అదే అనుకూలం. ఆ పద్ధతిని మానుకొమ్మని ఉత్తరువు వచ్చింది 1805లో. కాబట్టి ఆ లెక్కలో ఈ యుద్ధపు పొద్దుటి భాగం 15న, మధ్యాహ్నపు భాగం 16న జరిగినట్లు! ఫ్రెంచివారికి అది విప్లవపంచాంగం ప్రకారం 12వ సంవత్సరం ఫ్రుక్తిదోర్ నెల 28. మనవాళ్ళకు రక్తాక్షి నామ సంవత్సర భాద్రపద శుద్ధం. వినాయకచవితి వెళ్ళి వారం రోజులు. ఒకే రోజు, ఒకే సముద్రం, నాలుగు తేదీలు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

రెండవది ఫిరంగుల లెక్క. 50 ఫిరంగుల ఓడ అంటే ఎంచి చూస్తే సరిగ్గా 50 వుంటాయనుకొన్నాను. ఆనాడు ఆ అంకె ఓడ తరగతికి పేరు. కారొనేడులనే పొట్టి ఫిరంగులను అందులో చేర్చేవారు కారు. ఇందుకు ఆశ్చర్యపడవలసిన పని లేదు. శతకమంటే నూరని అర్థం. మన శతకాలలో పద్యాలు నూటెనిమిదీ, ఇంకా పైనా వుంటాయి. మనం శతకకర్తను అబద్ధాలకోరు అనటం లేదు గదా! సెంచూరియన్ అంటే కూడ రోమను సైన్యంలో నూర్గురికి నాయకుడు. లెక్క చూస్తే అతనికిందా నూరుమంది తప్పనిసరిగా వుండేవారు కారు.

మూడవది పేర్ల చిక్కు. ఒక పుస్తకంలో ఆ ఓడ కెప్టెను రెయినియర్ అని వున్నది. మరొకదానిలో లిండ్. ఇంకొకదానిలో ఫిలిప్స్. మూడూ నిజమే. అసలు కెప్టెను జాన్ రెయినియర్. నౌకాధిపతి పీటర్ రెయినియర్‌కు బంధువే. ఆయన జబ్బుపడి మద్రాసులో వుండిపోయాడు. ఆయన స్థానంలో జేమ్స్ లిండ్ వచ్చాడు. యుద్ధం మొదలైన వేళకు లిండ్ పనిమీద వొడ్డున వున్నాడు. అందువల్ల మొదటి దెబ్బలు కాచుకొన్నది లెఫ్టినెంటు ఫిలిప్స్. లిండ్ తరువాత ఓడకు చేరుకొన్నాడు. పైగా ఈ జేమ్స్ లిండ్‌ను, నిమ్మజాతి పండ్లతో నావికుల స్కర్వీ రోగం కుదురుతుందని చూపిన డాక్టరు జేమ్స్ లిండ్ అనుకొనే ప్రమాదం వున్నది. ఆ డాక్టరు 1794లోనే గతించాడు.

ఓడకూ అదే గతి. 1743లో స్పెయినువారి మనీలా ధననౌకను పట్టుకొని జగత్ప్రసిద్ధి పొందిన సెంచూరియన్ వేరు. మన సెంచూరియన్ 1774లో హారిచ్‌లో నీళ్ళలోకి దిగినది. పాత ఓడ కీర్తిని తెచ్చి కొత్త ఓడకు కట్టబెట్టినవారున్నారు. మన సాహిత్యచరిత్రలో ఒకే పేరుగల కవుల గ్రంథాలు ఒకరివి మరొకరి ఖాతాలో పడటం మనకు తెలియని సంగతా?

ఇంతకూ ఎవరు గెలిచారు?

ఇది అన్నిటికన్న పెద్ద పాఠాంతరం. మా అమ్మాయి అడిగిన ప్రశ్న.

ఇంగ్లీషువారు గెలుపు మాదేనన్నారు. ఒంటరి ఓడ, మూడింటికి లొంగకుండా నిలిచింది. శత్రువే వెళ్ళిపోయాడు. లిండ్‌కు 'సర్' బిరుదు ఇచ్చి గౌరవించారు. ఫ్రెంచివారు గెలుపు మాదేనన్నారు. ఒక సరకు ఓడ చేజిక్కింది, ఇంకొకటి నాశనమైంది. సెంచూరియన్‌ను ఎందుకు పట్టలేదంటే, స్తంభాలు విరిగితే బాగుచేసుకొనే రేవు తనకు ఎక్కడో దూరాన వున్నదని, తెగించి నష్టపోవటం తెలివి కాదని లినువా వాదన. ఆ వాదన అతని దేశంలో పెద్దగా చెల్లలేదు.

రెండు కథలూ చదువుతుంటే నాకు మా సీమ కైఫీయతులు గుర్తుకువచ్చాయి. ఆ కాలంలోనే మెకంజీ దొర మనుషులు కడప, కర్నూలు ప్రాంతాలలో వూరూరా తిరిగి గ్రామచరిత్రలు రాయించారు. వూరి కరణం చెప్పే చరిత్రలో వూరి మాన్యాల హక్కు కూడ దాగి వుంటుంది. అందుకని దాన్ని పారెయ్యకూడదు. చెప్పేవాడికి ఏం కావాలో గుర్తుపెట్టుకొని చదవాలి. లిండ్ ఉత్తరం చదివేది పైఅధికారి. లినువా నివేదిక చదివేది నెపోలియను ప్రభుత్వం. ఇద్దరికీ పరువూ ఉద్యోగమూ ఆ కాగితంమీదే ఆధారపడి వున్నాయి. ఇద్దరూ జరగనిది కల్పించనక్కరలేదు. జరిగిన వాటిలో ఏది ముందు చెప్పాలో, ఏది వెనక చెప్పాలో ఎంచుకొంటే చాలు.

కాబట్టి ఎవరు గెలిచారని అడిగేముందు, ఎవరు దేనికోసం వచ్చారని అడగాలి. సెంచూరియన్ వచ్చింది తన ప్రాణం కాపాడుకోవటానికి కాదు, రెండు ఓడలను కాపాడటానికి. ఆ రెండూ పోయాయి. లినువా వచ్చింది సరకు ఓడలను పట్టుకోవటానికి. ఒకటి పట్టుకొన్నాడు. కాని అంత బలం వుండికూడ తనకన్న చిన్న యుద్ధనౌకను వదిలి వెళ్ళాడు. నా మట్టుకు తేలినది ఇది: ఓడ ఓడలేదు, కాపలా ఓడింది.

ఇంకొక మాట. అది విశాఖ వొడ్డు. ఆ తీరంలో ఓడకూ వొడ్డుకూ మధ్య మనుషులనూ సరకులనూ దాటించేది మసూలా పడవలు. మేకు లేకుండా పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టిన పడవలు. గట్టి పడవ అలకు పగులుతుంది. కుట్టిన పడవ అలతోపాటు వొంగుతుంది. ఆ విద్య మన పల్లెకారులది. దొరలు చేసే వర్తకమంతా వాళ్ళ చేతులమీదుగా నడవవలసిందే. నేను చదివిన కథనాలలో కెప్టెన్ల పేర్లు, లెఫ్టినెంట్ల పేర్లు వున్నాయి. ఆ పల్లెకారులలో ఒక్కరి పేరూ నాకు కనిపించలేదు. ఆ రోజున గెలిస్తే బిరుదూ ఓడితే నిందా రాని మనుషులు వాళ్ళు. వాళ్ళలో ఒకడికి రాత వచ్చివుంటే ఈ వ్యాసం మరొక విధంగా వుండేది.

ఓడలకు ఏమయింది?

అతలాంత్ 1805లో ఆఫ్రికా దక్షిణకొసన టేబుల్ బేలో గాలివానకు పగిలిపోయింది. మారెంగో తిరిగి ఫ్రాన్సు చేరబోతూ 1806 మార్చిలో ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. లినువా 1814దాకా బందీగా వుండిపోయాడు. సెంచూరియన్ కెనడాలోని హాలిఫాక్స్ రేవుకు చేరి, ఆసుపత్రి ఓడ అయింది. మూడు ఫిరంగి ఓడలు ముంచలేని ఆ ఓడ, 1824లో యుద్ధమూ గాలివానా ఏమీ లేకుండానే, కట్టినచోటనే నీళ్ళలో కూర్చున్నది. పైకి తీసి 1825లో ముక్కలు చేశారు. యాభై యేళ్ళ బతుకు.

తరగతిలో

ఇదంతా తేలిన తరువాత నాకొక పని మిగిలింది. బీచిలో ముప్ఫయిమంది ఎదుట చెప్పిన మాటను గదిలో ఒక్కరికి సర్దిచెప్పి వూరుకోవటం న్యాయం కాదు. ఆ పిల్లలందరినీ ఒక తరగతిలో కూర్చోబెట్టి, "ఆనాడు నేను మీకు చెప్పింది తప్పు. 'తరిమి తరిమి' అనేది నేను కల్పించింది. నా మాటవల్ల మీలో ఒకరు వేదికమీద తలదించుకోవలసి వచ్చింది" అన్నాను. ఇరవైయేళ్ళ ఉద్యోగంలో ఆ వాక్యం అంతకుముందు అనలేదు. అనటానికి మంచినీళ్ళు రెండుసార్లు తాగవలసివచ్చింది.

తరువాత నల్లబల్లమీద మూడు గళ్ళు గీశాను. ఒకదాంట్లో అందరూ ఒప్పుకొన్నది. రెండవదాంట్లో ఒక్కొక్కరు వేరుగా చెప్పింది. మూడవదాంట్లో చెప్పినవాడికి ఏం కావాలో. పిల్లలు రాసుకొంటున్నారు. వెనకబెంచీ కుర్రవాడొకడు లేచి, "అంతా బాగుంది గానీ సార్, పరీక్షలో వస్తే ఏది రాయాల?" అన్నాడు. తరగతంతా నవ్వింది.

నేను జవాబు వెతుక్కొంటుండగా ముందువరుసలోనుంచి ఆ అమ్మాయే వెనక్కు తిరిగి చెప్పింది:

"రెండూ రాయాల. ఎవరు చెప్పినారో అదీ రాయాల."

ఆ రోజు పాఠం అక్కడితో ముగించాను. అంతకుమించి చెప్పటానికి నా దగ్గర ఏమీ లేదు.